ఒక వైపే తగిలే నీళ్ళు

బయట మైకు ముందు కీచుమంది, తర్వాత సర్దుకుని, యాభై అయిదు దాటిన మహిళల సింక్రనైజ్డ్ స్విమ్మింగ్, సోలో విభాగం, మరికాసేపట్లో మొదలవుతుందని ఈతకొలను ఇన్‌ఛార్జి వెంకట్రాజు గొంతుతో చెప్పింది. ఆ మరికాసేపు పొద్దున్నుంచీ సాగుతూనే ఉంది. రిటైరైన పోలీసాయన కప్ప ఈత అయింది, బ్యాంకు మేనేజరుగారూ ఆయన తమ్ముడూ పోటీపడి ఈదడం అయింది, వాళ్ళకి చప్పట్లు కొట్టడం కూడా అయిపోయింది. ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గదిలో స్టెల్లా సిమెంటు బల్ల మీద టవలు కప్పుకుని కూర్చుంది. బల్ల తడిగా ఉంది, చల్లగా కూడా ఉంది, ఉందని తొడలు చెబుతూనే ఉన్నాయి, కానీ ఆ చెప్పడం పక్కింట్లో ఎవరో ఎవరితోనో మాట్లాడుకుంటున్నట్టుంది. ఇప్పుడు భయం వెయ్యాలి కదా అనుకుంది. ఏలూరులో సగం మంది తెలిసినవాళ్ళే, ఆమె స్కూల్లో డ్రిల్లు చేయించిన పిల్లలే ఇప్పుడు తమ పిల్లల్ని వెంటేసుకుని వచ్చి గ్యాలరీలో కూర్చుని ఉంటారు, వాళ్ళందరి ముందూ మోకాళ్ళ పైదాకా వచ్చే ఈత బట్టల్లో నడిచి వెళ్ళాలి. భయం కోసం లోపల వెతికి చూసింది, దీపం పోయినప్పుడు గూట్లో అగ్గిపెట్టె కోసం తడుముకున్నట్టు. దొరకలేదు. సరే, లేకపోతే లేదు. ఆదివారం కనక ఈపాటికి చర్చిలో రెండో పాట అయిపోయి ఉంటుంది, భర్త ఏలీయా కుడివైపు మూడో బెంచీలో, గోడ పక్కన, కళ్ళజోడు పైకి నెట్టుకుంటూ బైబిలు తెరుస్తూ ఉంటాడు. పక్కన ఖాళీ. ఆ ఖాళీ ఎవరిదని ఎవరైనా అడిగితే ఏం చెబుతాడో. ఒంట్లో బాగాలేదంటాడు కాబోలు. అది అబద్ధమూ కాదు.

తలుపు తోసుకుని మంగతాయారు వచ్చింది. తాడేపల్లిగూడెం ఆవిడ, ఈ విభాగంలో స్టెల్లా కాక ఉన్న ఒకే ఒక్క మనిషి. పొద్దున పేర్లు ఇచ్చేటప్పుడే పరిచయం చేసుకుంది, బియ్యం మిల్లు వాళ్ళమని, ఆయన పోయారని, మోకాళ్ళు అరిగిపోతే డాక్టరు నీళ్ళల్లో నడవమన్నాడని, నడవగా నడవగా ఈత వచ్చిందని, ఈత వచ్చాక ఊరుకోబుద్ధి కాలేదని, ఇవన్నీ ఒక్క ఊపిరిలో. జుట్టు చెదరకుండా ఏదో జిగురు కాచి పూసుకుని వచ్చింది, తల మీద నల్ల కుండ బోర్లించినట్టు మెరుస్తోంది. "చూడండి స్టెల్లాగారూ, మా కోడలు ఇంటర్నెట్టులో చూసి పూసిందండి ఇది. వేణ్ణీళ్ళతో కడిగితేగానీ పోదంట. పోకపోతే ఇక ఇంతేనండి, కాటికి కూడా ఈ జుట్టుతోనే," అని నవ్వి, నవ్వు ఆపి, "భయంగా లేదండీ మీకు?" అంది. "లేదండి," అంది స్టెల్లా. "అదృష్టవంతులు. నేనైతే తెల్లారగట్ల లేచి మూడుసార్లు బుట్ట సర్దానండి. అవునూ, నన్నొకటి అడగనివ్వండి. సింక్రనైజ్డ్ అంటే కలిసి అని కదండీ? మరి ఒక్కర్తే ఈదితే దేంతో కలుస్తుందండీ?" "పాటతో అంటారండి." "పాటతోనా," అని మంగతాయారు ఆలోచనలో పడి, "మా ఆయన ఉన్నప్పుడు నలభయ్యేళ్ళు ఆయన ఈలకి కలిపి నడిచానండి, అదే అనుకుంటాను," అంది, మళ్ళీ తనే నవ్వింది. నవ్వాలి కనక స్టెల్లా కూడా నవ్వింది. పెదాలు పక్కలకి వెళ్ళి రావడం తెలిసింది.

నీళ్ళలో ఒక కాలు నిటారుగా పైకి లేపి తేలడం ఆమె మొట్టమొదట చూసింది మద్రాసులో కాదు, కొల్లేట్లో. మద్రాసు వ్యాయామ కళాశాలలో దానికి ఇంగ్లీషు పేరు పెట్టి, నడుం ఎక్కడ ఉండాలో చీలమండ ఎలా చాచాలో నేర్పారు గానీ, అంతకు ఎంతో ముందు, లంకలో, వానలు వెనకపట్టిన రోజుల్లో, అమ్మ బాతులకి నత్తలు ఏరడానికి తాటి దోనె మీద తీసుకెళ్ళేది. అమ్మ దోనె మీంచి చప్పుడు లేకుండా నీళ్ళలోకి జారిపోయేది. తల మునిగిన చోట ఒక సుడి, తర్వాత అదీ లేదు. నాచు వాసన, ఎక్కడో గూడబాతుల గోల, ఎండకి తెల్లగా మండే నీళ్ళు, దోనెలో ఒక్కతే కూర్చున్న తను. ఎక్కడ మునిగిందో అక్కడ తేలేది కాదు అమ్మ, ఎటో దూరంగా గుర్రపుడెక్క మధ్య లేచేది, చీరచెంగు నిండా నత్తలతో, ముక్కు చీదుతూ. ఒక్కరోజు, ఎందుకో, అదొక్కరోజే, నత్తలు దోనెలో పోసేశాక అమ్మ నీళ్ళమీద వెల్లకిలా పడుకుని కుడికాలు ఆకాశంలోకి ఎత్తింది. మడమకి బురద, పిక్క మీద జలగ కుట్టిన మచ్చ. "చూడే, కొంగ," అంది. కాలు అలా చాలాసేపు నిలబడింది. తర్వాత దించేసి, ఏం జరగనట్టు దోనె ఎక్కి గెడకర్ర తీసుకుని నీళ్ళని తోసింది. ఇంటికెళ్ళి కట్టెలు ముట్టించి మళ్ళీ మామూలు అమ్మ అయిపోయింది, ఇంకెప్పుడూ కొంగ కాలేదు. ఆ లంకనే తర్వాత చేపల చెరువులు చుట్టుముట్టాయి, ఎక్కడ చూసినా గట్లు, గట్ల మీద మోటార్లు. రెండేళ్ళ కిందట ప్రభుత్వం వాళ్ళు ఆ గట్లన్నీ పేల్చేసినప్పుడు తమ్ముడు క్రీస్తుదాసు ఫోన్ చేసి ఏడ్చాడు, "అక్కా, చెరువు పోయిందే, నీళ్ళన్నీ ఎటుపోతున్నాయో తెలీటం లేదు" అని. అప్పుడు ఆమెకీ కళ్ళనీళ్ళు వచ్చాయి. గుర్తుంది, ఎడం చేత్తో ఫోను పట్టుకుని కుడిచేత్తో కళ్ళు తుడుచుకుంది. అంటే అప్పటికి ఇంకా వచ్చేవి.

ఆ తర్వాతి ఏడే స్నానం చేస్తుంటే చేతికి తగిలింది, చింతగింజంత గడ్డ. నొప్పి లేదు. నొప్పి లేనిది ఎందుకులే అని వేసవి అంతా ఊరుకుంది. పరీక్షలూ, మళ్ళీ పరీక్షలూ, విజయవాడలో ఆపరేషను, పెద్ద కిటికీ ఉన్న గది, కిటికీలోంచి రైళ్ళు. తణుకు నుంచి కూతురు జ్యోత్స్న వచ్చి మంచం పట్టె పట్టుకుని ఏడ్చింది. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి కళ్ళు తుడుచుకున్నారు. ఏలీయా వరండాలోకి వెళ్ళి ముక్కు చీదుకుని వచ్చాడు. అందరూ ఆమె కోసం ఏడుస్తుంటే ఆమె ఒక్కతే పెళ్ళివారింట్లో పనిమనిషిలా అటూ ఇటూ చూస్తూ పడుకుంది, కూతురి వీపు నిమిరి "ఊరుకోమ్మా" అంది. ఎడమవైపు రొమ్ము తీసేశారు, చంకలో గడ్డలు కూడా తీశారు. కట్టు విప్పాక అక్కడ చెయ్యి వేసుకుని చూసింది. వేళ్ళకి చర్మం తగిలింది, చర్మానికి వేళ్ళు తగల్లేదు. చెక్క మీద వేసినట్టు, ఇంకెవరి ఒంటిమీదో వేసినట్టు. చంక కింద నుంచి రొమ్ము ఎముక దాకా, వెనక భుజం రెక్క అంచుదాకా, అంతా అంతే. "నరం తెగిందమ్మా, కొందరికి మళ్ళీ వస్తుంది, కొందరికి రాదు, ప్రాణానికేం కాదు," అన్నాడు డాక్టరు. ప్రాణానికి ఏం కాలేదు. కానీ ఆ మొద్దుతనం అక్కడితో ఆగలేదని ఆమె ఎవరికీ చెప్పలేదు, ఎలా చెప్పాలో కూడా తెలియలేదు. చింతచిగురు పప్పు పుల్లగానే ఉంది, ఆ పులుపు నాలుక దాటి రావడం లేదు. మనవడికి మాటలు వచ్చాయని జ్యోత్స్న ఫోనులో వాడిచేత అమ్మమ్మా అనిపిస్తే, సంతోషించాల్సిన చోట సంతోషించాలి అని గుర్తుచేసుకుని, "అబ్బో" అంది.

ఆయనది తప్పని అనలేదు ఎవరూ, ఆమె కూడా అనలేదు. ఇరిగేషన్ డిపార్ట్‌మెంటులో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి, కాలవల నీళ్ళు కొలిచిన చేతులు, ఒక్క బార ఈత రాదు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక పక్కటెముకల్లోంచి గొట్టం, గొట్టం చివర ప్లాస్టిక్ సీసా వేలాడుతుంటే రోజూ పొద్దున్నే ఆయనే వచ్చి సీసా విప్పి, పారబోసి, డెట్టాలుతో కడిగి, మళ్ళీ బిగించేవాడు. ఒక్క పూట తప్పలేదు. రాగిజావ కాచాడు, ఆమె లంగాలు ఉతికి దండెం మీద ఆరేశాడు, వీధిలో వాళ్ళు చూస్తున్నా సిగ్గుపడలేదు. కానీ సీసా బిగించేటప్పుడు మొహం కిటికీ వైపు ఉండేది. కిటికీలో ఏమీ లేదు, పక్కింటి గోడ, గోడమీద పాత ఎలక్షన్ల నాటి రంగు. ఆ గోడని చూస్తూ వేళ్ళతో తడుముకుని బిగించేవాడు. తర్వాత ఒకరోజు తన మంచం హాల్లోకి మార్చాడు, "నీకు మెలకువ వస్తుందేమో, నేను గురకపెడతాను కదా" అని. ముప్పై ఏళ్ళ పైనుంచీ పెడుతున్న గురక. "సరేనండి," అంది. మంచం కోళ్ళు గచ్చుమీద రాసుకుంటూ వెళ్ళిన చప్పుడు ఉంది కదా, దానికి కూడా లోపల ఏమీ కదల్లేదు. దుప్పటి సగం ఇటు లాక్కుని పడుకుంది.

చెయ్యి పైకి లేవడం లేదని, వాపు వస్తోందని, గోడ మీద వేళ్ళు పాకించే ఎక్సర్‌సైజు చెప్పారు. రోజూ గోడ దగ్గర నిలబడి చూపుడువేలూ నడిమివేలూ పురుగులా పైకి పాకించడం, నిన్నటి చోటు దాటించడం. నీళ్ళలో అయితే తేలికని ఎవరో అంటే స్టేడియం పక్కన ఈతకొలనుకి వెళ్ళింది. అక్కడ ఇన్‌ఛార్జి వెంకట్రాజు చిన్నప్పుడు మిషన్ స్కూల్లో ఆమె దగ్గర డ్రిల్లు చేసినవాడే, ఎడమకాలూ కుడికాలూ కలిపేసి తన్నులు తిన్నవాడే. టీచరుగారిని చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. పొద్దున్నే ఆడవాళ్ళ సమయంలో ఆమె వెల్లకిలా తేలడం, చేతులు నడుం పక్కన తిప్పుతూ కదలడం చూసి, ఇది మామూలు ఈత కాదే అని కనిపెట్టాడు. చిక్కేమిటంటే ఎడంచెయ్యి బలం చాలక, తిన్నగా వెళ్ళాల్సిన మనిషి గుండ్రంగా తిరిగిపోయేది. తిరగకుండా ఉండాలని కుడిచేతిని తగ్గిస్తే నడుం మునిగేది. "తిరిగితే తిరగనివ్వండి టీచర్ గారూ," అన్నాడు వెంకట్రాజు గట్టుమీద గొంతుక్కూర్చుని. "అదేదో కావాలనే తిరుగుతున్నట్టు పాట పెట్టుకుందాం. చూసేవాళ్ళకి ఏం తెలుస్తుందండీ." అలా ఆ తిరగడం మీదే మొత్తం అల్లారు ఇద్దరూ కలిసి. వృద్ధుల పోటీలు ఏలూరులో పెడుతున్నారని తెలిసి పేరు కూడా అతనే ఇచ్చాడు. ఎందుకు సరేనంది? ఇప్పుడు ఈ తడిబల్ల మీద కూర్చుని ఆలోచిస్తే ఆమెకే అర్థం కాదు. ఒకటి మాత్రం నిజం. నీళ్ళు కుడివైపు చల్లగా తగిలేవి, ఎడమవైపు తగిలేవి కావు, కొలను అక్కడికి అయిపోయినట్టు, ఆమె ఒళ్ళే గట్టు అయినట్టు ఉండేది. రోజూ ఆ అంచు ఎక్కడుందో చూడ్డానికి వెళ్ళేది. వంటింట్లో ఉన్నప్పుడు ఆ అంచు కూడా తెలిసేది కాదు.

"ఈ వయసులో," అన్నాడు ఆయన, పోటీల సంగతి చెప్పిన రోజున. అన్నం ముందు కూర్చుని ఉన్నాడు, ముద్ద చేతిలోనే ఉంది. "ఈ ఒంటితో, పదిమందిలోనా?" ఆ తర్వాత నాలిక్కరుచుకున్నాడని ఆమెకి తెలుసు, ఎందుకంటే మంచినీళ్ళ గ్లాసు అందుకుని తాగకుండా కిందపెట్టాడు. "ఆదివారంట కూడానూ. నేను రాను స్టెల్లా. నాకు చూడ్డం రాదు." రాదు అన్నాడు, ఇష్టం లేదనలేదు. ఆమె మజ్జిగ పోస్తూ "సరేనండి" అంది.

మైకు మళ్ళీ గరగరలాడింది. పోటీ కొలనుని శుభ్రం చేస్తున్నారట, అయిదు నిమిషాలట. స్టెల్లా టవలు తీసి పక్కన పెట్టి, ఈత బట్టల లోపల ఎడమవైపు పెట్టుకున్న స్పాంజి ముక్కని సర్దుకుంది. టైలరు చేత ప్రత్యేకంగా కుట్టించిన గుడ్డ సంచిలో పెట్టిన స్పాంజి. పొడిగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది, నీళ్ళలో దిగితే తాగేసి బరువెక్కుతుంది, బయటికి వచ్చాక నడుం మీదుగా ధారగా కారుతుంది. నిన్న ఆఖరి ప్రాక్టీసులో జారి పొట్టమీదకి వచ్చేసింది. దాన్ని అటూ ఇటూ తిప్పి, ఇక విసుగు కూడా కాదు, ఊరికే, బయటికి లాగేసింది. సంచిలో పడేసి జిప్పు వేసింది. తల ఎత్తేసరికి ఎదురుగా మంగతాయారు. చూసింది. చూశాక కళ్ళు తిప్పుకోలేదు. ఈత బట్ట ఎడమవైపు చదునుగా, చిన్న మడత పడి ఉంది. తర్వాత తన బుట్టలోంచి చిన్న స్టీలు డబ్బా తీసి, అటు తిరగనైనా తిరగకుండా, రెండు వేళ్ళు నోట్లో పెట్టి పై పళ్ళసెట్టూ, కింద పళ్ళసెట్టూ ఊడదీసి అందులో వేసింది. టక్కుమని మూత పెట్టింది. బుగ్గలు లోపలికి పోయాయి, ఒక్కసారి పదేళ్ళు పైబడ్డాయి. "నావీ తీతేత్తన్నానండి," అంది, స లన్నీ త లై జారిపోతుంటే. "తలకిందులైనప్పుడు నీల్లల్లో పడిపోతే ఎవరు దిగి వెతుకుతారండీ." స్టెల్లా ఆవిడ మొహం వైపు చూసింది. లోపల ఎక్కడో, చాలా కింద, చెంబు తగిలి నీళ్ళు కదిలినట్టు ఏదో అయింది. అది నవ్వో మరోటో తేల్చుకునేలోగా పేరు పిలిచారు, మంగతాయారు గబగబా శిలువ వేసుకోబోయి, తనది ఆ మతం కాదని గుర్తొచ్చి చేతులు జోడించి, బయటికి పరిగెత్తింది.

గుమ్మం దగ్గర నిలబడి చూసింది స్టెల్లా. ఎండ కొలను మీద పడి కళ్ళు చికిలించాల్సి వచ్చింది. మంగతాయారుకి పెద్దగా విద్యలేవీ రావు, తేలడం, బోర్లా తిరగడం, చేతులు పూవులా విప్పడం, అంతే, కానీ వీణ పాట మొదలైన దగ్గర్నుంచి అయ్యేదాకా బోసినోటితో నవ్వుతూనే ఉంది, ఆ నవ్వుకి గ్యాలరీ మొత్తం లేచి కూర్చుంది. ఒకసారి ముక్కు క్లిప్పు ఊడిపోతే పట్టుకుని జనానికి చూపించి మళ్ళీ పెట్టుకుంది. జనం గోలగోల. బాగుంది, అనుకుంది స్టెల్లా. బాగుందని తెలుస్తోంది, లెక్కలో ఎక్కం సరిపోయినట్టు. ఇప్పుడు నేను.

గట్టుమీద నడుస్తుంటే గ్యాలరీలో మాటలు సన్నగిల్లాయి. ఎడమవైపు చూస్తున్నారని తెలుసు. చూపులు కూడా అక్కడ తగల్లేదు. నిచ్చెన దిగింది, నీళ్ళు మోకాళ్ళకి, నడుముకి, కుడివైపు రొమ్ముకి, మెడకి వచ్చాయి. హార్మోనియం మొదలైంది, చర్చిలో వాయించే నెల్సన్ చేత మాటలు లేకుండా వాయించి పట్టించిన రాగం, మధ్యలో తిత్తి ఊపిరి పీల్చుకునే చప్పుడు కూడా రికార్డయింది. వెల్లకిలా. చెవులు నీళ్ళలోకి వెళ్ళగానే రాగం దూరమై గోడ అవతలిదైంది. చేతులు తిప్పు, అరచేతులతో నీళ్ళని నొక్కు, ఎడమది పీకుతుంది, పీకనీ, తిరుగు. ఆకాశం తిరిగింది, గ్యాలరీ రేకులు తిరిగాయి, వెంకట్రాజు తెల్లచొక్కా తిరిగింది. కాలు. కుడికాలు మడిచి, పైకి చాచు, చీలమండ చాచు, నిలుపు. నిలిచింది. అరవయ్యేళ్ళ కాలు, నరాలు లేచిన కాలు, తడికి మెరుస్తూ ఆకాశానికి ఆనించినట్టు ఉంది, ఎవరో చప్పట్లు కొట్టారు. దించు. ముడుచుకో, వెనక్కి పల్టీ, ఇప్పుడు తలకిందులు. కాళ్ళు నీళ్ళపైన, తల లోతులోకి, నడుం పక్కన చేతులు గట్టిగా తిప్పితేనే నిలబడేది. ఇక్కడే ఎడంచెయ్యి ఆగిపోయింది. నొప్పి కాదు, పీకడమూ కాదు, తాడు జారినట్టు ఊరికే ఆగిపోయింది. కాళ్ళు ఒరిగాయి, కిందికి దిగిపోసాగింది. దిగిపోతోందని తెలిసింది, తొందరేమీ పుట్టలేదు. కింద నీలం పలకలు, పలకల మధ్య సున్నం గీతలు, ఒక రబ్బరు బ్యాండు. పాట ఇక్కడికి రాదు. చర్చి రాదు, హాల్లో మంచం రాదు, అబ్బో అనాల్సిన ఫోనులు రావు. అందరి వంతులూ అయిపోయిన తర్వాత ఉండేలాంటి నిశ్శబ్దం. కాలితో నేల తన్నితే పైకి వెళ్ళిపోవచ్చు, నేల తగిలితే మార్కులు కోస్తారు, అందుకని తన్నకూడదు. తన్నకపోతే? ఊరికే ఉండిపోతే? ఆ ప్రశ్న చాలా మామూలుగా వచ్చింది, కూరలో ఉప్పు వెయ్యాలా అన్నట్టు. పలకకి మొహం దగ్గరగా వచ్చింది. ఇక్కడ ఎడమవైపూ కుడివైపూ తేడా లేదు, రెండువైపులా ఏమీ తగలడం లేదు, హాయిగా కూడా లేదు, ఏదీ కాదు. అప్పుడు రొమ్ములో పట్టేసింది. ఎవరి అనుమతీ అడగలేదు. ఊపిరితిత్తులు రెండూ, కత్తి పడిన వైపూ పడని వైపూ, ఒకేసారి బిగుసుకుని గాలి గాలి అని గుద్దుకున్నాయి, కాళ్ళు వాటంతటవే మడతపడి నీళ్ళని కత్తిరించాయి, ఆగిపోయిన ఎడంచెయ్యే లేచి నీటిని కిందికి తోసింది. గోడమీద ఎన్నడూ అంత ఎత్తుకి పాకలేదది. పైకి రానిదెవరు, రావాలని గింజుకుంటున్నదెవరు అని ఆమె తెల్లబోయి చూస్తుండగానే తల వెలుగులోకి వచ్చేసింది. నోరు తెరుచుకుంది. గాలి మంటలా లోపలికి దిగింది. దగ్గు. హార్మోనియం ఇంకా వాయిస్తూనే ఉంది, ఎక్కడున్నామో వెతుక్కుంది, రెండు చుట్లు మిగిలాయి, తిరిగింది, చేతులు చాచింది, ఆగింది.

నిచ్చెన కమ్మీ కుడిచేత్తో పట్టుకుంది గానీ ఒంటిని లాగలేకపోయింది. పైనుంచి ఒక చెయ్యి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. తెల్లటి ఫుల్ హ్యాండ్స్ చొక్కా, మోచేతి దాకా తడిసింది. వెనకాల కాపలాదారు అరుస్తున్నాడు, "ఏవండీ పెద్దాయనా, బూట్లతో లోపలికి రాకూడదండి, బయట విడవండి." ఏలీయా వినిపించుకోలేదు. చంకలో బైబిలు ఇరికించుకుని, రెండో చేతిలో గట్టుమీది బెంచీ నుంచి తీసిన ఎవరిదో టవలు పట్టుకుని, ఆమెని ఒక్కో మెట్టే పైకి లాగాడు. మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

"ఎప్పుడొచ్చారండీ?" అంది.

"ప్రసంగం మధ్యలో లేచి వచ్చేశాను." ముప్పై ఏళ్ళలో దగ్గొచ్చినా లేవని మనిషి. "అందరూ చూశారు. చూడనీ." ఊపిరి తీసుకున్నాడు. "కాళ్ళు కనపడకుండా పోయాయి స్టెల్లా. నేను ఆ వెంకట్రాజుని దూకమన్నాను. ఆగండి సార్, వస్తారు అన్నాడు. నాకు ఈత రాదు కదా, ఏం చెయ్యను నేను? వస్తావా రావా అని..."

"వచ్చానండి," అంది.

నీడలో ఉన్న బెంచీ మీద కూర్చోబెట్టాడు. తడి చోట ఏదీ పెట్టనివాడు బైబిలు ఆ తడి బెంచీ మీదే పక్కన పెట్టేశాడు. టవలు తల మీద కప్పి తుడవడం మొదలుపెట్టాడు, జుట్టు, మెడ, కుడిభుజం, మొరటుగా, పిల్లల్ని తుడిచినట్టు. తర్వాత ఆగాడు. ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు, మోకాళ్ళు చప్పుడు చేశాయి. చూశాడు. చదునైన చోట, తడిబట్ట ఒంటికి అంటుకుపోయి కుట్ల గీత ఎక్కడుందో కూడా తెలుస్తున్న చోట, చూపు తిప్పుకోకుండా చూశాడు. "చలేస్తోందా?" అన్నాడు. జవాబు కోసం ఆగలేదు. టవలు అక్కడ వేసి, దాని మీద అరచెయ్యి పూర్తిగా ఆనించి ఉంచాడు.

స్టెల్లా కిందికి చూసింది. చెయ్యి ఉంది. ఉబ్బిన నరాలు, పక్కకి వంగిన చిటికెన వేలు, కొట్టేసిన గోళ్ళు, తడిసిన కఫ్ గుండీ. వెచ్చగానే ఉంటుంది, ఆయన చేతులు ఎప్పుడూ వెచ్చగానే ఉండేవి. ఏమీ తగల్లేదు. బరువు లేదు, వేడి లేదు. చెబుదామా అనుకుంది. ఆయన మొహం చూసింది, పెదాలు బిగించి, ఏదో పగిలేదాన్ని పట్టుకున్న మనిషిలా ఉన్నాడు. చెప్పలేదు.

"నొప్పిగా ఉందా?" అన్నాడు.

"లేదండి."

మైకులో మార్కులు చెబుతున్నారు. మొదటి స్థానం మంగతాయారుగారు, తాడేపల్లిగూడెం. అవతల బోసినోటి కేక వినబడింది. రెండో స్థానం స్టెల్లాగారు, ఏలూరు. ఇద్దరిలో రెండో స్థానం. జనం గట్టిగానే చప్పట్లు కొట్టారు. పతకాలు తీసుకోవడానికి బల్ల దగ్గరికి రావాలన్నారు. కాస్త ఆగి మళ్ళీ పిలిచారు, స్టెల్లా టీచర్ గారూ, ఎక్కడున్నారండీ అని, ఈసారి వెంకట్రాజే.

"పిలుస్తున్నారు. వెళ్ళవా?" అన్నాడు ఏలీయా.

"వెళ్తానండి," అంది. లేస్తే ఆ చెయ్యి జారిపోతుందని, ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ అలాగే కూర్చుంది.